ఊగే బండి, లాగని ఇంజిన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పదేళ్లు దాటిన ఎస్‌యూవీల గురించే. అందుకే ఈ సంచికలో చోటంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా డీజిల్ ఎస్‌యూవీకి 13 ఏళ్లు, 1,90,000 కిలోమీటర్లు తిరిగింది. ఛాసిస్ మీద బాడీ ఉండే రకం. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే రకం), కాయిల్ స్ప్రింగులు. వెనక ఒకే యాక్సిల్, దానికీ కాయిల్ స్ప్రింగులే. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న గతుకుల మీద ముందు నుంచి టక్ టక్ మంటోంది. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం రెండు మూడు సార్లు ఊగుతోంది. సస్పెన్షన్ సెట్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. అంత అవసరమా?

జవాబు: బండి కిందికి వెళ్లి చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పకూడదు. మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. టక్ టక్ అనేది ఎక్కడో వదులైనందువల్ల వచ్చేది. ఊగడం షాక్ అబ్జార్బర్ పట్టు పోయినందువల్ల వచ్చేది. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు.

ముందు ఒక కాగితం మీద చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోండి. బండి పైకెత్తాక అది పలకదు కాబట్టి రోడ్డు మీదే దాన్ని పట్టుకోవాలి. 20 కిలోమీటర్ల వేగంలో చిన్న గతుకుల మీద, ఎడమ కుడి చక్రాలు ఒకటి విడిచి ఒకటి ఎగిరేటప్పుడు టకటకమంటే మొదటి అనుమానం స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డకడ్డీని) సస్పెన్షన్‌కు కలిపే చిన్న లింక్ రాడ్ల మీద. బ్రేక్ తొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి ధబ్ మంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (కీలులో ఉండే రబ్బరు). ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే కటక్ మంటే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీలు), లేదా స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్. పెద్ద గుంతలో పడినప్పుడు మాత్రమే గట్టిగా తగిలితే బంప్ స్టాప్ రబ్బరు అరిగిపోయిందనో, షాక్ పూర్తిగా చచ్చిపోయిందనో అర్థం. మీరు చెప్పిన తీరు చూస్తే లింక్ రాడ్ల వైపే మొగ్గు కనిపిస్తోంది. మొత్తం సస్పెన్షన్‌లో తేలిగ్గా మారేవి అవే.

లింక్ రాడ్ పరీక్షకు బండి నేల మీదే, నాలుగు చక్రాల మీదే ఉండాలి. చేత్తో రాడ్‌ను పట్టుకుని గట్టిగా ఊపండి. బాగున్న రాడ్ చివర బాల్ బిగువుగా తిరుగుతుంది. అరిగినదైతే వేళ్లకు చిన్న టిక్ తగులుతుంది. ఒకవైపు జాకీ వేసి పైకెత్తితే బార్ మెలిపడి రాడ్‌ను లాగి పట్టుకుంటుంది, ఆట (వదులు వల్ల వచ్చే కదలిక) దాక్కుంటుంది. చాలామంది ఇక్కడే పొరబడి బాగాలేని రాడ్‌ను బాగుందని తేల్చేస్తారు.

బాల్ జాయింట్‌కు మాత్రం జాకీ కావాలి. అది ఎక్కడ పెట్టారన్నదే సగం పరీక్ష. మీ బండిలో స్ప్రింగ్ లోయర్ ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి జాకీ ఆ ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగ్ ఆర్మ్‌ను కిందికి నొక్కి జాయింట్‌ను బిగబట్టి ఉంచుతుంది, ఎంత అరిగినా కదలదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఒకే కంబంగా ఉండే రకం) ఉన్న బండికి దీనికి తిరగేసి చేయాలి: బాడీ కింద ఎత్తి చక్రాన్ని వేలాడనివ్వాలి. రెండు రకాలకూ మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండు వేశాకే చెయ్యి లోపల పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి.

టైరు నేలకు రెండు వేళ్ల ఎత్తు లేచాక, దాని కింద పొడవాటి ఇనప కడ్డీ పెట్టి పైకి ఎత్తి వదలండి. ఇంకొకరు జాయింట్ మీద వేలు ఆనించి ఉంచాలి. కంటికి కనిపించని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. తర్వాత టైరును గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే తోడున్న వారిని బ్రేక్ తొక్కి పట్టమనండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. బ్రేక్ పడితే డిస్క్ నకిల్‌తో (చక్రాన్ని మోసే ఇనప దిమ్మతో) ఒకటై బేరింగ్ ఆటను మింగేస్తుంది, అందుకే ఈ తేడా. ఆపై 3, 9 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే రాడ్) ఎండ్, లోపలి రాక్ ఎండ్‌లలోని ఆట బయటపడుతుంది. బాల్ జాయింట్‌లో, టై రాడ్‌లో ఆట ఉంటే వాయిదా వేయకండి. అవి ఊడితే చక్రం మాట వినదు.

ఇక వెనక ఊగడం. బంపర్ మీద కూర్చుని లేచి చూసే పరీక్షను ఇంత బరువైన బండికి నమ్మవద్దు. సగం చచ్చిన షాక్ కూడా అందులో పాసవుతుంది. దీనికంటే మంచి దారి ఉంది. గతుకుల రోడ్డు మీద పది పదిహేను నిమిషాలు నడిపి ఆపి, రెండు వెనక షాక్‌ల ఒంటిని ముంజేతి వెనక వైపుతో తాకి చూడండి. షాక్ పని ఊపును వేడిగా మార్చడం. పనిచేస్తున్నది వెచ్చగా ఉంటుంది, పనిమానేసినది పక్కదానికంటే చల్లగా ఉంటుంది. సైలెన్సర్, డిస్క్ దగ్గర చెయ్యి కాలకుండా చూసుకోండి. ఒంటి మీద సన్నటి తడి, దానికి అంటిన దుమ్ము మాత్రమే ఉంటే భయం లేదు. నూనె ధారగా కారి కింది సగం తడిసిపోతే దాని పని అయిపోయింది. షాక్‌లు ఎప్పుడూ ఒక యాక్సిల్‌కు జతగానే మార్చాలి.

స్ప్రింగులను వదిలేయకండి. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉన్నప్పుడు, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమకూ కుడికీ 10 మి.మీ.కు మించి తేడా వస్తే ఒక స్ప్రింగ్ కుంగిందనో, విరిగిందనో అనుకోవాలి. విరగడం చాలాసార్లు చిట్టచివరి చుట్టు దగ్గరే జరుగుతుంది. ఆ ముక్క సీటులో ఇరుక్కుని మామూలుగా కనిపిస్తుంది, టార్చి వేసి వేలితో తడిమితేనే దొరుకుతుంది. కమాన్ కట్టలున్న బండైతే పట్టీల మధ్య పగుళ్లు, షాకిల్ బుష్‌లు చూడాలి.

వెనక యాక్సిల్‌కు అడ్డంగా పోయే పాన్‌హార్డ్ రాడ్ ఒకటి ఉంటుంది. దాని బుష్‌లు పోతే బండి వెనక భాగం పక్కలకు ఊగుతుంది. పెద్ద లారీ దాటిపోయినప్పుడు తోక ఆడినట్టు ఉంటుంది. ఒకరు వెనక బాడీని పక్కకు తోస్తుంటే ఇంకొకరు రాడ్ రెండు చివరలూ చూడాలి. రబ్బరు ముందు కదిలి, రాడ్ ఆలస్యంగా కదిలితే బుష్ మార్చాల్సిందే. షాక్‌లు మార్చినా ఇది మిగిలిపోయి యజమానిని విసిగిస్తుంటుంది.

మార్చే వరుస ఇలా పెట్టుకోండి: ముందు ప్రాణానికి ముప్పు తెచ్చే జాయింట్లు, తర్వాత లింక్ రాడ్లు, వెనక షాక్‌లు, ఆ పైన ఆట దొరికిన బుష్‌లు. ఆట దొరకని భాగాన్ని వయసైందన్న కారణంతో తీసేయకండి. ఆర్మ్‌లు, జాయింట్లు తాకిన ప్రతిసారీ చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

ప్రశ్న: లోయర్ ఆర్మ్ బుష్‌లు నాలుగూ, షాక్‌లూ కొత్తవి వేయించాను. మొదట్లో బాగుండి ఆరు నెలలకే మళ్లీ చప్పుడు మొదలైంది. బండి కూడా ముందుకంటే గట్టిగా కొడుతోంది. నాసిరకం సరుకు వేశారా?

జవాబు: సరుకు కావచ్చు. కానీ అంతకంటే ఎక్కువగా కనిపించే తప్పు బిగించిన తీరులో ఉంటుంది. బుష్‌లో లోపల ఇనప గొట్టం, బయట ఇనప గొట్టం, రెంటికీ మధ్య అతికించిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు తిరిగేది బోల్టు కాదు, మెలిపడేది ఆ రబ్బరే. బండి లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే సున్నా అవుతుంది. బండి నేల మీదికి దిగీ దిగగానే రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటుంది. అది బండిని బిగదీసి గట్టిగా కొట్టిస్తుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. బోల్టులు చేత్తో పట్టించి, బండిని నేల మీద నిలబెట్టి, లేదా ఆర్మ్ కింద జాకీతో అదే ఎత్తుకు తెచ్చి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. మీ మెకానిక్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి. చిరగని బుష్‌లను బోల్టు వదులు చేసి నేల మీద మళ్లీ బిగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కిర్రుమంటోందని బుష్‌ల మీద ఇంజిన్ ఆయిల్, గ్రీజు పూయకండి. రబ్బరు ఉబ్బి మెత్తబడి తొందరగా పోతుంది.

ప్రశ్న: 12 ఏళ్ల టర్బో డీజిల్ ఎస్‌యూవీ. ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు, ఓవర్‌టేక్ చేయడానికి భయమేస్తోంది. హెచ్చరిక లైటు ఏమీ వెలగలేదు. టర్బో పోయిందని, మార్చాలని అన్నారు. మార్చేయమంటారా?

జవాబు: వద్దు. ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి: ఇంజిన్ లాగడం లేదా, లేక లాగుతున్నా ఏదో వెనక్కి పట్టుకుంటోందా? ఈ రెంటినీ విడదీయకుండా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) జోలికి వెళ్లేవారు చాలామంది. పాత బండ్లలో పట్టుకునేది చాలాసార్లు బ్రేకే.

పది పదిహేను కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేక్ తొక్కకుండా దానంతటదే ఆగేలా చేయండి. దిగి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, తాకకుండా దగ్గరగా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. ఒకే యాక్సిల్‌లో ఎడమ డిస్క్‌కూ కుడి డిస్క్‌కూ 30 డిగ్రీల తేడా ఉంటే వేడిగా ఉన్నది పట్టుకుని ఉంది. ఆ చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) మీది బ్లీడర్ నిపుల్ (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొద్దిగా వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోతే లోపల పూడుకుపోయిన బ్రేక్ హోస్, లేదా మాస్టర్ సిలిండర్. అప్పటికీ ఫ్రీ కాకపోతే స్లైడ్ పిన్నులో, పిస్టనో తుప్పుతో బిగుసుకుంది. బయటికి కొత్తగా కనిపించే హోస్ కూడా లోపల ఉబ్బి, ప్రెషర్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వదు. పరీక్ష అయ్యాక బ్లీడింగ్ (బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయడం) చేయించడం మరిచిపోకండి.

రెండోది క్లచ్. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబగబా పైకి పోయి స్పీడు ముల్లు వెనకబడితే క్లచ్ జారుతోంది. ఇంజిన్ బాగానే ఉంది, దాని బలం చక్రాల దాకా రావడం లేదు. మూడోది, ఫోర్ వీల్ డ్రైవ్ కలిసిపోయి విడిపోకుండా ఉందేమో చూడండి. పొడి రోడ్డు మీద బండిని పూర్తిగా మలుపు తిప్పుతుంటే ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటే అదే.

ఈ మూడూ కాదని తేలాక బానెట్ ఎత్తండి. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, దాని పెట్టెలో ఆకులు, ఎలుక గూడు ఉన్నాయేమో చూడండి. తర్వాత డీజిల్ ఫిల్టర్: ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయడమే మంచిది, అడుగున నీరు ఉంటే బయటికి తీసేయండి. ఆ తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగానికి), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లు. ఇంజిన్ ఆపి, చల్లారాక ప్రతి హోస్‌ను వంచి, కింది వైపు వేలితో తడిమి చూడండి. పగులు ఎప్పుడూ క్లాంప్ పక్కనో, కంటికి కనిపించని కింది మడతలోనో ఉంటుంది. అక్కడ నూనెతో తడిసిన నల్లటి మసి ముద్ద ఉంటే గాలి అక్కడి నుంచే పోతోంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ పగులు మూసుకుని ఉంటుంది, లోపల ప్రెషర్ పెరిగితేనే నోరు తెరుస్తుంది. అందుకే షెడ్డులో రేస్ ఇచ్చి చూస్తే దొరకదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఉస్ మని చప్పుడు, వెనక నల్ల పొగ, ఈ రెండూ కలిస్తే హోస్ సంగతి దాదాపు తేలిపోయినట్టే.

టర్బో పక్కన గొడుగులాంటి డబ్బా, దానికి ఒక చిన్న రాడ్ ఉంటాయి. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే చాలా బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయగానే రాడ్ లోపలికి లాక్కోవాలి, ఆపగానే తిరిగి రావాలి. కదలకపోతే మూడింటిలో ఒకటి: సన్నటి వాక్యూమ్ గొట్టం ఎండి పగిలింది, కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వ్ పోయింది, లేదా టర్బో లోపలి రెక్కలు మసితో బిగుసుకున్నాయి. మొదటిదైతే అరచేతిలో పట్టే రబ్బరు ముక్కతో పని అయిపోతుంది. దాని కోసం టర్బో మార్చుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

లైటు వెలగలేదంటే తప్పు లేదని కాదు. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి కోడ్‌ల కంటే లైవ్ డేటా (అప్పటికప్పుడు మారే అంకెలు) చూడమనండి. ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్‌లో ఉంచితే ఇన్‌టేక్ ప్రెషర్ బయటి గాలి ప్రెషర్ ఎంతో అంతే చూపాలి. సముద్రమట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్. అక్కడే తప్పు చూపితే సెన్సరే తప్పు. తర్వాత మూడో గేరులో 1,800 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, ఇంకొకరు అంకెలు చూడాలి. చాలా టర్బో డీజిల్ ఇంజిన్లలో అది 200 దాటుతుంది. కంప్యూటర్ అడిగిన అంకెకూ వచ్చిన అంకెకూ మధ్య దూరమే మీ జవాబు. బూస్ట్ (టర్బో పంపే గాలి ప్రెషర్) అడిగినంత వచ్చి, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు చేరే డీజిల్ ప్రెషర్) అడిగినదానికంటే కింద పడిపోతుంటే తప్పు గాలిలో లేదు, డీజిల్‌లో ఉంది: ఫిల్టర్, పంపు, లేదా రిటర్న్ ఎక్కువగా వదిలేస్తున్న ఇంజెక్టర్. ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు ఒకే సైజు సీసాలు తగిలించి, ఇంజిన్‌ను ఐడిల్‌లో రెండు నిమిషాలు నడిపితే, మిగతావాటికి రెట్టింపు నిండిన సీసా దొంగను చూపిస్తుంది. కానీ ఒక హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపుల నట్లు ఎవరూ వదులు చేయకూడదు. అందులో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది. సూదిలా వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చి ఒంట్లోకి దిగుతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే కింది ఆర్‌పీఎంలో బండి నీరసంగా ఉండి నల్ల పొగ వదులుతుంది. విప్పి శుభ్రం చేయించండి. శాశ్వతంగా రేకు వేసి మూసేయమనే సలహా వినకండి, పొగలో విషం పెరుగుతుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో తప్ప వేరేదానితో కడగకండి, గుడ్డతో అసలే తుడవకండి.

ఇవన్నీ చూశాక మాత్రమే టర్బో. చల్లారిన ఇంజిన్‌కు టర్బో ముందు హోస్ విప్పి, షాఫ్ట్ చివర పట్టుకుని కదపండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, నూనె పొర మీద తేలే బేరింగ్ అది. ముందుకూ వెనక్కూ కదలిక వేలికి తెలిసినా, రెక్కల అంచు గోడకు రాసుకున్న మెరుపు గీతలు ఉన్నా టర్బో పోయినట్టే. అప్పుడు కూడా ఎందుకు పోయిందో చూడండి. ఆయిల్ వచ్చే సన్న పైపు పూడుకుపోయి ఉంటే దాన్ని మార్చకుండా కొత్త టర్బో వేస్తే అదీ పోతుంది.

ప్రశ్న: పెట్రోల్ ఎస్‌యూవీ, 11 ఏళ్లు. పొద్దున బాగానే వెళ్తుంది. అరగంట నడిచాక హైవే మీద 90 దాటడం లేదు, గొంతు నొక్కినట్టు ఉంటుంది.

జవాబు: గొంతు నొక్కినట్టు అనే మాట సరిగ్గా వాడారు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి తేనెతుట్టె లాంటి భాగం కరిగి పూడుకుపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఐడిల్‌లో ఏమీ తెలియదు, ఎక్కువ పొగ బయటికి పోవాల్సినప్పుడే అడ్డం పడుతుంది. ముందు వైపు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టండి. 3 పీఎస్ఐకి మించితే పూడుకుపోయింది.

కన్వర్టర్ మార్చేముందు అది ఎందుకు కరిగిందో కనుక్కోండి. పాత స్పార్క్ ప్లగ్, బలహీనపడిన కాయిల్ వల్ల మండని పెట్రోల్ దాని లోపలికి వెళ్లి అక్కడ మండుతుంది. మిస్ అవ్వడం ఆపకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

గేజ్ బాగానే చూపితే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం సవరిస్తోందో చెప్పే అంకె) చూడండి. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ 10 శాతం దాటిందంటే కంప్యూటర్ అదనంగా పెట్రోల్ పోస్తోంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి 2,500 దగ్గర మామూలైతే ఎక్కడో గాలి లీకవుతోంది. ఐడిల్‌లో మామూలుగా ఉండి లోడ్ పడ్డాక పెరిగితే పెట్రోల్ పంపు వేడెక్కి నీరసిస్తోంది, లేదా ఫిల్టర్ పూడుకుంది.

ప్రశ్న: అందం కోసం 235/70 ఆర్16 టైర్లు తీసి 265/70 ఆర్16 వేయించాను. అప్పటి నుంచి పికప్ తగ్గింది. టైర్లకూ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. పాత టైరు వ్యాసం సుమారు 735 మి.మీ., కొత్తది 777. అంటే 5.7 శాతం పెద్దది. ప్రతి గేరూ అంత మేరకు బరువెక్కినట్టే. పైగా టైరు బరువు అంచు వైపు పెరిగింది. మీటర్ 80 చూపితే నిజ వేగం దాదాపు 85 అని కూడా గుర్తుంచుకోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు లోపలి అంచు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. పాత సైజుకు తిరిగి వెళ్లమనే మా సలహా. బాల్ జాయింట్లకూ వీల్ బేరింగులకూ భారం తగ్గుతుంది.

ప్రశ్న: ముందు టైర్లు లోపలి అంచు మాత్రమే అరుగుతున్నాయి, వెనకవి అలలు అలలుగా అరిగాయి. రెండూ అలైన్‌మెంట్ తప్పేనా?

జవాబు: ముందువి అవును, టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) గానీ క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగిన కోణం) గానీ తప్పింది. అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలికీ బయటికీ రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే టో. వెనకవి వేరు. అలల్లాంటి అరుగుదల సాధారణంగా షాక్ చచ్చిపోయి టైరు నేలను కొడుతూ పోతున్నందువల్ల వస్తుంది. బ్యాలెన్సింగ్ కూడా ఒకసారి చూపించండి. ముందు ఆట ఉన్న భాగాలు మార్చి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ మెషీన్ ఎక్కించండి. వదులుగా ఉన్న ఆర్మ్ మీద సరిచేసిన కోణం గేటు దాటేలోపే మారిపోతుంది.